చెక్కు ఫోటోలో నవ్వి తీరాలా?

జిల్లా పేజీలో తరచూ కనిపించే ఫోటోనే. తలకు గుడ్డ కట్టుకున్న స్త్రీ మధ్యలో ఉంటుంది. చెక్కు ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస దాతల చేతుల్లో. పైన ‘బ్లడ్ క్యాన్సర్ బాధితురాలికి ఆపన్నహస్తం’ అని శీర్షిక. ఆ డబ్బు ఆమెకు అవసరమే. ఇచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళని మేమనడం లేదు. కానీ జబ్బుపడిన మనిషి తన ముఖాన్నీ రోగాన్నీ పదిమందికీ చూపించుకుంటే తప్ప వైద్యం పూర్తికాని స్థితి ఎందుకొచ్చిందో ఆ ఫోటో ఎన్నడూ చెప్పదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కీమోథెరపీ అందులో వస్తుంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన పథకమే, కాదనం. అయితే అక్యూట్ లుకేమియా ఒక ఆపరేషనుతో, పది రోజుల విశ్రాంతితో తీరే జబ్బు కాదు. మొదట కొన్ని వారాలు ఆసుపత్రి మంచం, తర్వాత నెలల తరబడి విడతలు విడతలుగా మందు, ఎ.ఎల్.ఎల్. రకమైతే ఆపైన సుమారు రెండేళ్ళు మాత్రలు, రక్తపరీక్షలు. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. అందుకే డిశ్చార్జి చేసినా దూరపు ఊళ్ళవాళ్ళు ఇంటికి వెళ్ళలేరు. కాచిన నీళ్ళు, అప్పుడే వండిన అన్నం, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న గది కావాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కనుక దాతలు మళ్ళీ మళ్ళీ కావాలి. హైదరాబాదులో తెలిసిన ముఖం ఒక్కటీ లేని కూలిమనిషి వాళ్ళను ఎక్కడినుంచి తెస్తుంది?

ఈ ఖాళీలోకే స్థానిక సేవాసంస్థలు వచ్చాయి. గది ఇచ్చేది వాళ్ళు, రక్తదాతలకు ఫోన్లు చేసేది వాళ్ళు, ప్యాకేజీలో లేని పరీక్షకు డబ్బు కట్టేది వాళ్ళు. ఇవన్నీ వైద్యానికి అదనపు హంగులు కావు, వైద్యంలో భాగమే. ఉండడానికి చోటు లేక మధ్యలో వెళ్ళిపోయిన మనిషికి ఉచిత మందు ఏం చేస్తుంది? సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేననీ, నిధుల కొరత అనే సాకు చెల్లదనీ సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. ఆ కేసు అత్యవసర వైద్యం గురించి కదా అని వాదించేవాళ్ళున్నారు. ప్లేట్‌లెట్లు లేక చిగుళ్ళనుంచి రక్తం కారుతున్న మనిషిది అత్యవసరం కాక మరేమిటి?

దానధర్మం హక్కుకు అడ్డుగా ఎలా నిలబడుతుందో, హక్కుకోసం ఎలా పోరాడగలదో రెండూ ఒకే మందు కథలో చూశాం. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకు రోజూ వేసుకోవాల్సిన ఇమాటినిబ్‌ను నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మింది. నెలకు సుమారు 1 లక్షా 20 వేల రూపాయలు. నాట్కో వంటి మన కంపెనీల మందు 8, 10 వేలకే దొరికేది. ధర సంగతి అడిగితే నోవార్టిస్ తన ఉచిత పంపిణీ పథకాన్ని చూపించేది. అంటే ధర పెట్టేదీ దయ చూపేదీ ఒకే చెయ్యి! ముంబైలో రోగులకు సాయంచేసే క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఈ దయతో సరిపెట్టుకోలేదు. పేటెంటు ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టింది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ అదే తేల్చింది. సేవాసంస్థ అంటే పళ్ళు పంచేదే అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక స్త్రీల సంగతి. భర్తకు జబ్బు చేస్తే భార్య చాపా గిన్నెలూ సర్దుకుని వెంట వస్తుంది. భార్యకు జబ్బు చేస్తే వచ్చేది ఆమె తల్లి, లేదా బడి మానిన కూతురు. ‘పుట్టింట్లో ఉండి బాగుచేయించుకో’ అన్న మాట మన సంఘానికి వచ్చే స్త్రీల నోట ఎన్నిసార్లు వినలేదు! ఆ తల్లి పోగొట్టుకున్న కూలి ఏ ప్యాకేజీ లెక్కలోనూ లేదు. సేవ అంటే ఆడవాళ్ళు ఊరికే చేసేదన్న నమ్మకం మీదే ఆసుపత్రులు నడుస్తున్నాయి. అందుకే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి పక్కనే వసతి కట్టడం, తోడున్న మనిషికి కూలి పరిహారం ఇవ్వడం, రక్తం సమకూర్చే బాధ్యత రోగి నెత్తిన కాక రక్తనిధి మీద పెట్టడం ప్రభుత్వ పనులని మనం పట్టుబట్టాలి.

అంతవరకూ సంస్థల సాయం తీసుకుందాం, తలవంచకుండా తీసుకుందాం. ఫోటో వద్దన్న స్త్రీకి కూడా ఆ నెల బియ్యం అందాలి. దరఖాస్తులో భర్త సంతకం అడిగే గడిని కొట్టెయ్యమని కూడా సంస్థలవాళ్ళను అడుగుతున్నాం. వదిలేసి వెళ్ళినవాడిని వెతుక్కుంటూ సంతకం కోసం తిరిగే ఓపిక కీమో ఎక్కించుకుంటున్న మనిషికి ఉండదు.