జగదల్‌పూర్ తెలుగిళ్ల కాగితాలను కాపాడుకుందాం

బస్తర్‌లో తెలుగు ఎంత పాతదో చెప్పడానికి రాళ్లున్నాయి. బార్సూరులో దొరికిన 1060 ప్రాంతపు శాసనం తెలుగులో ఉంది. ఛిందక నాగవంశపు రాజు జగదేకభూషణుడి కాలంలో ఆయన సామంతుడు చంద్రాదిత్యుడు చెరువు తవ్వించి, శివుడికి గుడి కట్టించిన సంగతి అందులో చెక్కారు. అదే ఊళ్లో రాణి గంగమహాదేవి రెండు శివాలయాలు కట్టించినట్టు చెప్పే శాసనమూ తెలుగే. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నెలకొల్పాడన్న కథకు దంతేవాడలో 1703 నాటి శాసనం ఆధారంగా ఉంది. రాయ్ బహదూర్ హీరాలాల్ అనే అధికారి ఓపిగ్గా ఇలాంటి రాళ్లన్నిటినీ పరిశీలించి, సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ శాసనాల జాబితాను 1916లో అచ్చు వేయించబట్టి ఇవన్నీ ఒక్కచోట మనకు దక్కాయి.

రాజులూ రాణుల సంగతి అలా భద్రంగా ఉంది. సాలూరు నుంచి ఘాట్‌రోడ్డెక్కి, జయపురం మీదుగా వచ్చి జగదల్‌పూర్ గోల్ బజార్‌లో దుకాణం పెట్టుకున్నవాళ్ల కాగితాలు ఎక్కడున్నాయి? ఆ దుకాణాల్లో పద్దులు రాసినవాళ్లవి, లారీలు తోలినవాళ్లవి, ఆస్పత్రిలో నర్సులుగా, బడుల్లో పంతుళ్లుగా పనిచేసినవాళ్లవి? ఏ ఆఫీసులోనూ లేవు. మన ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఏటా దీపావళి సున్నాలకు ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా కొన్ని కబాడీవాలా తక్కెడలోకి పోతున్నాయి. జగదల్‌పూర్ తెలుగువాళ్లం మన ఇళ్ల కాగితాలకు, ఫోటోలకు, గొంతులకు ఒక భాండాగారం కట్టుకోవాలని, అదీ ఇప్పుడే కట్టుకోవాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఇక్కడి హిందీ మీడియం బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న పెళ్లికి ముందే సాలూరు నుంచి లారీ మీద వచ్చి ఒక చింతపండు వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాడు. మాలాంటి కుటుంబాలు ఆ దారిలో వచ్చాయి. 1960ల్లో కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం పడ్డాక మరో రకం తెలుగువాళ్లు వచ్చారు. బైలదిలా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి వేసిన లైను అది. ఫిట్టర్లు, డ్రైవర్లు, గుమాస్తాలు, ఇంజనీర్లు బచేలి, కిరందుల్ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. గని నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉందన్న సంగతి ఆ నగరంవాళ్లలో చాలామందికి తెలుసు, ఆ గనుల ఊళ్లలో తెలుగు బతుకు ఎలా ఉండేదో మాత్రం తెలియదు. ఈ రెండు తరాల పిల్లలూ ఇప్పుడు రాయ్‌పూర్‌లో, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నారు. పెద్దవాళ్లు పోయాక ఇల్లు అమ్మకానికి వస్తుంది. కొన్నవాడికి గోడలతోనే పని. పెట్టెలో ఏముందో అతనికి అక్కర్లేదు.

మా అమ్మ వదిలిపోయిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి బహీఖాతా. ముందు సగం మా నాన్న రాసిన పద్దులు: చింతపండు, ఇప్పపువ్వు, ఇప్పగింజలు, కరక్కాయలు, ఏ సంతలో ఎంతకు కొన్నారు, లారీ కిరాయి ఎంత, కూలీలకు ఎంత. అంకెలు తెలుగు అంకెలే. మా పిల్లలకు అవి అంకెలని కూడా తెలియదు. వ్యాపారం మానేశాక మిగిలిన కాగితం వృథా పోకుండా అమ్మ వెనక నుంచి తిప్పి మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు రాసుకుంది. సంక్రాంతికి ఎవరింటికి ఎన్ని అరిసెలు పంపాలో మార్జిన్‌లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది. ఒక జోలపాటలో సగం మాటలు ఇక్కడి హల్బీ భాషవి. మమ్మల్ని పెంచిన ఆయా దగ్గర నేర్చుకుని ఉంటుంది.

చివరి పేజీలు మా అక్క రాసింది. పాటలు అచ్చ తెలుగువి, లిపి మాత్రం నాగరి. అక్క చదివింది హిందీ బడిలో. అమ్మ పాడుతుంటే తనకు చేతనైన అక్షరాల్లో దింపుకుంది. హిందీ నాగరిలో ళ, ల తేడా కుదరక కొన్నిచోట్ల అక్షరం కింద చుక్క పెట్టుకుంది. వలస వెళ్లిన ఊళ్లో ఒక భాష ఎలా నిలబడుతుందో, ఎక్కడ పట్టు తప్పుతుందో ఆ చుక్కలు చూస్తే నాకు తెలుస్తుంది. ఏ జనాభా లెక్కల పట్టికా నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఇలాంటి పుస్తకాలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. కొన్ని నేను చూశాను. కొన్ని ఉండేవని విన్నాను.

ఈ పని ఎలా చేయాలో చూపినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. నా మట్టుకు నేను కోల్‌కతా యూదులను చూసి నేర్చుకున్నాను. 1798లో షాలోమ్ కోహెన్ అనే అలెప్పో వ్యాపారితో మొదలైన ఆ సమాజం రెండో ప్రపంచ యుద్ధం నాటికి కొన్ని వేలకు పెరిగింది. స్వాతంత్ర్యం తర్వాత ఇజ్రాయెల్‌కు, ఇంగ్లండుకు, ఇంకా దూర దేశాలకు వెళ్లిపోయి ఇప్పుడు గుప్పెడు మంది మిగిలారు. 1884లో కట్టిన మాఘెన్ డేవిడ్ ప్రార్థనా మందిరం చెక్కుచెదరకుండా ఉంది కానీ ప్రార్థనకు జనం లేరు. ఆ సమాజంలో పుట్టిన జేయల్ సిల్లిమన్ ముందు తన ఇంటి ఆడవాళ్ల నాలుగు తరాల కథ పుస్తకంగా రాసింది. ఆ తర్వాత ప్రపంచమంతా చెదిరిపోయిన కుటుంబాల నుంచి ఫోటోలు, జ్ఞాపకాలు, వంటలు, బడి సంగతులు, దుకాణాల సంగతులు సేకరించి, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం సాయంతో ఇంటర్నెట్‌లో భాండాగారంగా పెట్టింది. ఫోటోలు ఇచ్చినవాళ్లు వాటిని పోగొట్టుకోలేదు. నకలు మాత్రమే ఇచ్చారు. ఇళ్లు ఎక్కడున్నా జ్ఞాపకాలు ఒకచోట చేరాయి.

కొచ్చి యూదు స్త్రీల కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. పెళ్లిళ్లలో, పండగల్లో పాడుకునే మలయాళం పాటలను వాళ్లు సొంత చేతిరాతతో నోటుబుక్కుల్లో రాసుకునేవారు. 1950ల్లో కుటుంబాలు ఇజ్రాయెల్‌కు తరలిపోయినప్పుడు ఆ నోటుబుక్కులూ సామాన్లతో పాటు వెళ్లాయి. 1970ల నుంచి పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి వాటికి నకళ్లు తీసుకున్నారు, ముసలమ్మల చేత పాడించి రికార్డు చేశారు. 2005లో ‘కార్కుళలి’ పేరుతో ఆ పాటల సంకలనం వచ్చింది, సీడీ కూడా వచ్చింది. పాడేవాళ్లు బతికుండగానే ఆ పని జరగడం వల్ల రాగం కూడా దక్కింది. మా అమ్మ పాటల్లో నాకు మాటలు మిగిలాయి, వరసలు సగమే గుర్తున్నాయి.

యూదుల సంగతి మనకెందుకు అనేవాళ్లుంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయని వాళ్లకు గుర్తు చేస్తాను. అయినా నేను వాళ్ల మతాన్ని ఆదర్శంగా చూపడం లేదు. సంఖ్య తగ్గిపోతున్న ఒక పట్నపు సమాజం, సర్కారు కోసం ఎదురుచూడకుండా తన కాగితాలు తాను భద్రపరచుకున్న తీరును చూపుతున్నాను.

ఇది పాతకాలం మీద మమకారం ఒక్కటే కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ కులధ్రువీకరణ పత్రం కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికి, ఓబీసీ పత్రం కావాలంటే 1984 డిసెంబర్ 26 నాటికి ఆ కుటుంబం ఇక్కడ నివసిస్తున్నట్టు ఆధారం చూపించాలి. భూమి ఉన్నవాళ్లకు రెవెన్యూ రికార్డు ఉంటుంది. మండీలో మూటలు మోసినవాళ్లకు, అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు ఏముంటుంది? బడి దాఖలా రిజిస్టరులో ఒక వరస, అద్దె రశీదు, యజమాని పద్దు పుస్తకంలో కూలి లెక్క పక్కన పేరు. నా క్లాసులో చదివిన పిల్లలు స్కాలర్‌షిప్పు దరఖాస్తు పట్టుకుని తాత పేరున్న కాగితం కోసం ఊరంతా తిరగడం నేను చూశాను. ఒకరి ఇంటి అటక మీద పద్దు పుస్తకం ఇంకొకరి మనవడికి చదువు అవుతుంది. అందుకే చెబుతున్నాను, ఈ భాండాగారం నాలుగు పెద్ద కుటుంబాల ఫోటో ఆల్బం కాకూడదు. ఊళ్లో తెలుగు మాట్లాడే ప్రతి కులం, ప్రతి బస్తీ, గుడికి వెళ్లేవాళ్లూ చర్చికి వెళ్లేవాళ్లూ అందరూ ఉండాలి. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు పలికే ఊళ్ల సంగతి వేరే పెద్ద పని. 2005 తర్వాత హింసకు ఇళ్లు వదిలి ఖమ్మం వైపు పారిపోయిన ఆదివాసులకు కాగితమే మిగల్లేదు. అక్కడ చేయగలిగింది గొంతులు రికార్డు చేయడమే. దాన్నీ మరిచిపోకూడదు.

మనం ఏమంత గొప్పవాళ్లమని ఇదంతా అని మా సమాజంలో పెద్దలు కొందరు అంటారు. ఈ ఊరివాడే గుల్‌షేర్ ఖాన్ షానీ. ఇక్కడి సామాన్య ముస్లిం కుటుంబాల బతుకును ‘కాలా జల్’ నవలగా రాశాడు. ఇవాళ హిందీ చదివేవాళ్లకు ఆ ఇళ్లు, ఆ వీధులు తెలుసు. ఆ ఇళ్లలో నవాబులెవరూ లేరు. మా వీధుల మీద అలాంటి నవల రాలేదు. రేపు ఎవరైనా రాయాలన్నా వాళ్లకు సరుకు కావాలి కదా.

ఇంకో అనుమానం ఉంది, అది న్యాయమైనదే. ఉత్తరాల్లో అప్పులుంటాయి, అన్నదమ్ముల తగాదాలుంటాయి, కోడళ్ల కన్నీళ్లుంటాయి. వాటిని ఊరికి చూపించాలా? అక్కర్లేదు. ఏది అందరికీ చూపాలి, ఏది ముప్పై ఏళ్లు మూసి ఉంచాలి అన్నది ఇచ్చిన కుటుంబమే నిర్ణయించాలి. ఆ మాట కాగితం మీద రాసి సంతకాలు చేసుకోవాలి. అసలు కాగితం ఇంట్లోనే ఉండాలి. నకలు ఒకటి ఇక్కడ లాలా జగదల్‌పురి పేరు మీదున్న జిల్లా గ్రంథాలయంలో ఉంటే బాగుంటుంది. ఇంకొకటి తెలుగు నేల మీద ఉండాలి. ప్రతి వస్తువుకూ వివరం తెలుగులోనూ హిందీలోనూ రాయాలి, లేకపోతే మా మనవలే చదువుకోలేరు.

తెలుగు నేల మీద ఎక్కడ అన్నది రెండు రాష్ట్రాల సంస్థలు చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికలను కాపాడిన చోటుగా దానికి గొప్ప పేరు. సరిహద్దు దాటి వెళ్లిన తెలుగువాళ్ల కాగితాలు కూడా తమ బాధ్యతే అని ఈ సంస్థలు ఒప్పుకోవాలి. ఈ బంధం కొత్తది కాదు. తెలుగులో స్త్రీల చరిత్రను తొలిగా రాసిన భండారు అచ్చమాంబ 1905లో కన్నుమూసింది బిలాస్‌పూర్‌లో, అంటే ఈనాటి ఛత్తీస్‌గఢ్‌లో. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెనక నిలిచిన ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకున్నది నాగపూర్‌లో. తెలుగుకు ఇంత ఇచ్చినవాళ్లు ఇటువైపు బతికారు. ఇటువైపు నుంచి నాలుగు పెట్టెల కాగితాలు తీసుకోవడానికి అక్కడ ఒక బీరువా ఖాళీ చేయమని అడుగుతున్నాను.

ఈలోగా మనం చేయగలిగినవి ఉన్నాయి. పాత కాగితాలను లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి, ఆ ప్లాస్టిక్‌కు కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేం. చిరుగులకు సెలోటేపు వేయొద్దు, పసుపు మరకలు పడతాయి. పద్దు పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టొద్దు, గాలి తగిలే నీడలో పెట్టి మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. ఫోనుతో తీసేటప్పుడు కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అట్ట నుంచి అట్ట దాకా ఖాళీ పేజీలతో సహా తీయండి. ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే వాళ్ల పక్కన ఆల్బం పెట్టుకుని కూర్చుని, ఫోను రికార్డింగులో పెట్టి, ఒక్కో ఫోటోలో ఎవరున్నారో అడగండి. వాళ్లు చెప్పిన పేరు, ఊరు, ఏడాది ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందుకు దిగుతుంది.

బచేలి, కిరందుల్, జగదల్‌పూర్‌లలో ఉన్నవాళ్లు, ఇక్కడి నుంచి వెళ్లి హైదరాబాద్‌లో, విశాఖలో స్థిరపడ్డవాళ్లు ఎవరింట్లో ఇలాంటి పుస్తకం ఉన్నా అమ్మేయకండి, పారేయకండి. ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి.