బిగిస్తే సరిపోతుందా?

మన ఇళ్ళల్లో ఏది వదులైనా ఒకటే వైద్యం: బిగించు. ఏది కిర్రుమన్నా ఒకటే మందు: నూనె పొయ్యి. కుర్చీకీ అదే, తలుపుకీ అదే. చాలాసార్లు పని గడిచిపోతుంది కూడా. స్టంట్ స్కూటరు దగ్గర మాత్రం ఈ వైద్యం చెల్లదు. ఎందుకు చెల్లదో ఇంజినీరింగ్ చదివే మనం తెలుసుకుని తీరాలని నా అభిప్రాయం.

స్టంట్ స్కూటరంటే బండి మీద వీలీలు కొట్టడం కాదండోయ్! ఇంజనూ బ్యాటరీ లేకుండా, కాలితో నేలని తన్ని నడిపేది. చిన్నపిల్లలు తొక్కే మడత స్కూటరుకి అన్న లాంటిది. దీనికి మడత ఉండదు. ఎగిరి దూకితే ఆ మడత కీలు తట్టుకోలేదు మరి. నిలబడడానికి డెక్కు, ముందు ఫోర్కు, పైన హ్యాండిల్ బారు, ఆ రెంటినీ కలిపి పట్టుకునే క్లాంపు, రెండు చక్రాలు, వెనక బ్రేకు. అంతే. నాలుగు అలెన్ కీలుంటే దాదాపు మొత్తం విప్పెయ్యొచ్చు.

సెల్లార్లో ఆడుకునే తమ్ముడొచ్చి "అన్నా, హ్యాండిల్ టకటకమంటోంది, కొంచెం చూడవా" అన్నాడనుకోండి. మనలో చాలామందిమి వెంటనే క్లాంపు బోల్టులు బిగిస్తాం. శబ్దం తగ్గదు. ఇంకా బిగిస్తాం. చివరికి బోల్టు థ్రెడ్డు పోతుంది, టకటక మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే క్లాంపు పని బారుని ఫోర్కు గొట్టానికి పట్టి ఉంచడం వరకే. హెడ్‌సెట్ బేరింగుల మీద ఒత్తిడి పెట్టేది వేరే బోల్టు. దాని పేరు కంప్రెషన్ బోల్టు. క్లాంపు బిగిసి ఉండగా దాన్నెంత తిప్పినా ఒత్తిడి బేరింగుల దాకా చేరదు.

కాబట్టి ముందు చూడాలి. ముందు చక్రానికి పాదం అడ్డం పెట్టి బారుని ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో చెయ్యి హెడ్‌సెట్ మీద ఉంచితే కదలిక వేళ్ళకే తెలుస్తుంది. అక్కడే ఉంటే క్లాంపు వదులు చేసి, ఆ ఊగుడు పోయేవరకే కంప్రెషన్ బోల్టు బిగించి, బారు తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసుకుని, చక్రంతో సూటిగా నిలబెట్టి, క్లాంపు బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. 'ప్రీలోడ్' అని మనం రెండు మార్కులకి బట్టీపట్టే మాట ఇదే.

చక్రం సంగతీ అంతే. లోపలుండేవి సాధారణంగా 608 బేరింగులు: లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, బయటిది 22, మందం 7. 2017లో అందరి వేళ్ళ మీదా తిరిగిన ఫిడ్జెట్ స్పిన్నర్లలో చాలావాటికి ఇవే వాడారు. యాక్సిల్ బిగించగానే చక్రం తిరగడం మానేసిందంటే బేరింగు పాడైందనుకోనక్కర్లేదు. రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన చిన్న స్పేసరు పడిపోయి ఉండొచ్చు. అది లేకపోతే లోపలి రింగులు దగ్గరికి నొక్కుకుపోతాయి. గరగరమంటే దుమ్ము చేరినట్టు. అమ్మ కొబ్బరినూనె తెచ్చి పొయ్యకండి, ఉన్న దుమ్ముకి ఇంకాస్త అంటుకుంటుంది. మూత తీసి కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు. అప్పటికీ గరగర పోకపోతే బేరింగు మార్చెయ్యండి.

"ఇంత తలనొప్పెందుకు, కొత్త స్కూటరు ఆర్డర్ పెట్టేస్తే పోలా?" అనే మిత్రులున్నారు. పోయింది ఒక స్పేసరైతే స్కూటరంతా పారెయ్యడం తెలివీ కాదు, పొదుపూ కాదు. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో జట్టుంది. "మన వెల్డింగ్ షాపుంది కదా, అతికించేద్దాం" అంటారు. నా భయమంతా వీళ్ళతోనే.

డెక్కుకీ హెడ్ ట్యూబుకీ మధ్య అతుకు దగ్గర, ఫోర్కు కాళ్ళ దగ్గర, బారు అడ్డకడ్డీ కలిసే చోట గుడ్డతో తుడిచి ఫోన్ టార్చి వేసి చూడండి. వెంట్రుకంత గీత కనిపించి, గోరు తట్టుకుంటే, అది పగులేనని అనుకుని తొక్కడం ఆపాలి. చాలా డెక్కులు అల్యూమినియం మిశ్రమలోహంతో చేసి, వేడితో గట్టిపరిచినవి. మళ్ళీ వెల్డింగు చేస్తే అతుకు చుట్టుపక్కల ఆ గట్టిదనం పోతుంది. పైగా ఉక్కుకి ఉన్నట్టు అల్యూమినియానికి ఎండ్యూరెన్స్ లిమిట్ లేదు. ప్రతి దూకుడూ దాని ఆయుష్షులో కొంత తినేస్తుంది. పైకి నున్నగా కనిపించే ఆ అతుకు ఏ రోజు ఊడుతుందో దాని మీద నిలబడ్డ పిల్లాడికి తెలీదు. వాడు గాల్లో ఉంటాడు. పళ్ళు వాడివి, ఇంజినీరింగ్ మనది.

అందుకే అంటాను, రిపేరంటే బిగించడం కాదు, వెతకడం. ఏ భాగం ఏ పని చేస్తోంది, ఆ పని ఎక్కడ ఆగింది అని అడగడం. దేన్ని బాగుచెయ్యొచ్చో, దేన్ని చెయ్యకూడదో తేల్చి చెప్పగలగడం. "దీన్నింక తొక్కకురా తమ్ముడూ" అని చెప్పడం కూడా రిపేరులో భాగమే.

మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ అంటూ ఇనుప ముక్కల్ని ఆకురాయితో రుద్దిస్తారు. మంచిదే, చేతికి పట్టు వస్తుంది. దాని పక్కనే టకటకలాడే స్కూటరొకటి పెట్టి, స్పానర్ ముట్టుకోకముందే "లోపం ఎక్కడుందో రాసివ్వండి" అని అడిగితే బాగుంటుంది. అది జరిగేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పక్కింటి పిల్లల స్కూటరు చూడండి. అలెన్ కీ మాత్రం ఆఖర్న తియ్యండి.