ఊలుపెట్టె ముచ్చట

గతమాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున మా మంచముక్రింది యినుపపెట్టెను గూర్చి వ్రాయదలచితిమి. ఆ పెట్టెలో నగలు లేవు, పట్టుచీరలు లేవు. ఉన్నదంతయు ఊలు. ఎఱ్ఱనిది, పసుపుపచ్చనిది, నెమలికంఠపు వన్నెది, ఏ పనికై కొంటిమో మాకే జ్ఞాపకము లేనిది, అన్నియు గలిపి నలువదియొక్క ఉండలు. మా వారు బడిపంతులు గనుక లెక్క వారే చేసిరి. "ఇన్నింటిలో ఎన్ని అల్లెదవు?" అని యడిగిరి. "మీ అలమరలోని పుస్తకములలో చదివిన వెన్ని?" అని మేమడిగితిమి. అంతటితో ఆ ప్రసంగము ముగిసినది.

సెంటినరీ కాలనీలో ఊలుతో పని యేమని దూరపు సోదరీమణులు నవ్వవచ్చును. నిజమే, రామగుండము ప్రాంతపు వేసవి ప్రసిద్ధము. 45 డిగ్రీలు దాటు దినములును గలవు. ఆ దినములలో చేతి చెమటకు దారము సూదిపై జారనే జారదు. కాని పుష్యమాసపు చలిలో, తెల్లవారకముందే మొదటి షిఫ్టునకు బండిమీద పోవువారి మెడలకు మఫ్లరు చుట్టవలసినదే. మాకీ విద్య నబ్బించినదియు ఈ గనుల ఊరే. పనికై ఉత్తరదేశమునుండి వచ్చిన యొక కుటుంబపు పెద్దమ్మ మా పొరుగున నుండెడిది. ఆమెకు తెలుగు రాదు. మాకు హిందీ అంతంతమాత్రము. 'సీదా', 'ఉల్టా' అను రెండుమాటలతో ఆమె మాకు విద్య యంతయు జెప్పినది. ఆలోచింపగా స్వెటరుమీది సకల చిత్రములును ఆ రెండు కుట్ల కూర్పులే. గురువు లఘువు అను రెండింటితో ఛందస్సంతయు నడచునట్లే ఇదియు.

మా తండ్రిగారు చిన్ననాట మాచేత అమరకోశము వల్లె వేయించిరి. అందు సాలెపురుగునకు ఊర్ణనాభమనియు, తంతువాయమనియు పేళ్ళు గలవు. ఊర్ణ యనగా ఉన్ని. బొడ్డున ఉన్ని గలది గనుక ఊర్ణనాభము. తంతువాయ మను పేరు నేతగానికిని చెల్లును. ఆ పురుగుదే అదృష్టము! మాకో, ఊలు కావలెనన్న గోదావరిఖని బజారునకు బస్సులో పోవలయును. అచ్చట దొరకని వన్నె లూధియానానుండి తపాలాలో రావలయును.

తపాలాలో వచ్చుటలో నొక చిక్కు గలదు. మొన్న ఫోనులో జూచి ఒక యంగడినుండి ఆరు ఉండలు తెప్పించితిమి. నాలుగు ముగిసి అయిదవది మొదలిడగా, వీపున అడ్డముగా నొక గీత కనబడెను. రంగుపేరొకటే, కాని అద్దకము వేరు. ఒకే రంగైనను ఒక్కొక్క విడత అద్దకమున కొంచెము భేదముండును. ఆ విడత సంఖ్య ఉండపై చీటిలో అచ్చువేసియుండును. కొనునపుడే అన్నిటిమీద నొకే సంఖ్య గలదో లేదో చూచుకొనవలయును. మావలె ముందు చూడనివారు పాతది రెండు వరుసలు, క్రొత్తది రెండు వరుసలు మార్చిమార్చి అల్లినచో గీత చాలవరకు కలిసిపోవును.

రెండవ చిక్కు కొలతది. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. పుస్తకమున పది సెంటీమీటర్లకు 22 కుట్లని యుండగా, మా చేతికి 20 మాత్రమే వచ్చుననుకొనుడు. 90 సెంటీమీటర్ల ఛాతీకై 198 కుట్లు వేసినచో అది 99 సెంటీమీటర్లగును. మా వారి మొదటి స్వెటరట్లే యయ్యెను. వారు దానిని పల్లెత్తుమాట యనక తొడిగికొని బడికి బోయిరి. పిల్లలు మాత్రము ఊరకుండలేదట. కావున ముందుగా అరచేతియంత ముక్క యల్లి కొలుచుట సోమరితనము గాదు, జాగ్రత్త.

తప్పిన కుట్టుకై పది వరుసలు విప్పునపుడు శ్రీకాళహస్తి సాలెపురుగు జ్ఞాపకము వచ్చును. అది శివునకు దారములతో గుడి గట్టగా దీపజ్వాల దానిని గాల్చెనని కథ. దానికి జ్వాల, మాకు మతిమరుపు. అయినను అల్లికలో నొక ఓదార్పు గలదు. చినిగిన బట్టకు అతుకే గతి. విప్పిన అల్లిక మరల దారమే యగును. ఆ దారమును కుర్చీవీపునకు చిలుపగా జుట్టి, నీట తడిపి, తేలికపాటి బరువు గట్టి వ్రేలాడదీసి నీడ నారబెట్టినచో వంకరలు పోవును. మా పెట్టెలోని ఉండలలో ఏడు ఇట్లు రెండవ జన్మ మెత్తినవే.

ఇక అసలు సంగతి. మా వీథిలో చెల్లెలివంటి యొకామె తన యేడాది బిడ్డకు స్వెటరు గావలెనని యడిగెను. సంతోషముతో ఒప్పుకొంటిమి. మూడు ఉండలు, 180 రూపాయలు. దినమునకు గంటన్నర చొప్పున ఇరువది దినములు. తెల్లని ఊలుమీద ఈ ప్రాంతపు నల్లదుమ్ము వ్రాలకుండ, అల్లనప్పుడెల్ల గుడ్డలో జుట్టి దాచితిమి. తొడుగగా బిడ్డ నవ్వెను; ఆ నవ్వే చాలుననిపించెను. అంతలో తల్లి, "అక్కా, మస్తుగున్నది. ఊలు కెంతయిందో చెప్పు, ఇచ్చేస్త" అని 180 రూపాయలు చేతబెట్టి పోయినది.

మా మనస్సు చివుక్కుమన్నది. అడుగుటకు నోరు రాలేదు. రాత్రి మా వారు విని, "ముప్పది గంటలు. గంటకు పది రూపాయలు వేసినను మూడువందలు. నీవు సున్న వేయించుకొంటివి" అనిరి. స్నేహమునకు కూలి యేమిటని మేము కోపగించితిమి గాని నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి నరసాపురపు స్త్రీలు తలపునకు వచ్చిరి. పశ్చిమగోదావరిలో నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో, పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నేటికిని సాగుచున్నది. ఒకరు కొక్కెపు సూదితో పువ్వు లల్లుదురు. వేరొకరు వానిని గూర్చి అతుకుపని చేయుదురు. ఆ లేసు సముద్రములు దాటి పోవును. జర్మను విదుషి మరియా మీస్ అచ్చట విచారించి 1982లో నొక గ్రంథము ప్రకటించెను. ఆ స్త్రీలు ఇంటిపని కాక దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండగా, లోకము దానిని తీరిక వేళ కాలక్షేపమని పిలిచెనట. ఆ పేరుచేతనే కూలి తగ్గినదట. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పనికి పేరు వచ్చినది, సంతోషమే. చేతులకు దగినది చేరుటయే మిగిలినది.

ఇంత తలచి, మా కన్యాయము జరిగినదని నిశ్చయించుకొనబోవునంతలో, మరియొక సంగతి గుర్తునకు వచ్చి సిగ్గుపడితిమి. ఆ కార్తికముననే మంథని పోవునపుడు దారిప్రక్కన నొక వృద్ధురాలు గొంగళ్ళు పెట్టుకొని కూర్చుండెను. మన కురుమవారి గొంగడి యెట్లు తయారగునో మాకు తెలియనిది కాదు. దక్కనీ గొఱ్ఱెల బొచ్చు కత్తిరించి, ఏకి, స్త్రీలు చేత వడుకుదురు. ఆ నూలునకు చింతగింజల గంజి పెట్టి, గుంటమగ్గముపై నేయుదురు. ఇంత తెలిసియు మేము "ముతక ఉన్నికి ఇంత ధర యేమి?" యని వాదించి, ఆమె చెప్పినదానిలో మూడువందలు తగ్గించి, గెలిచినట్లు ఇల్లు చేరితిమి. మాకు రాని మూడువందలును, మేమీయని మూడువందలును ఒక్కటే లెక్క. ఇరుగమ్మ మా చేతికి సున్న వేసినది తెలియక. మేము ముసలమ్మ చేతికి వేసినది తెలిసి.

మరునాడు ఆ చెల్లెలిని బిలిచి ఉన్నమాట చెప్పితిమి. ఆమె మొగము చిన్నబుచ్చుకొని, "నాకు తెల్వలే అక్కా. నువ్వు టీవీ చూసుకుంట అల్లుతవు గద, అది పని అనుకోలే" అన్నది. జీతము వచ్చినపిదప తానే మూడువందలు తెచ్చియిచ్చినది. పుచ్చుకొనునపుడు మా చేయి కొంచెము వణికినమాట నిజము, అయినను పుచ్చుకొంటిమి. స్నేహము చెడలేదు. ఈ యేడు టోపీకి ముందే ధర యడిగినది.

ఆ పైకముతో మంథని బస్సెక్కితిమి. ఆ చోట వృద్ధురాలు లేదు. రెండవమారు పోయినను లేదు. ప్రక్క దుకాణమున విచారించితిమి గాని ఏ ఊరిదో వారికిని తెలియదు. ఆ మూడువందలును ఊలుపెట్టెలో నొక చీటిలో జుట్టి యుంచితిమి. కొత్త ఉండకై చేయి పోయినపుడెల్ల అది తగులును.

కావున మా మనవి యిది. సోదరీమణులారా, అల్లునపుడు ప్రక్కన నొక చిన్న పుస్తకముంచి గంటలు వ్రాసికొనుడు. కానుకగా నిచ్చునది మనసార కానుకగా నిండు; వెలకిచ్చునది ముందే వెల చెప్పి యిండు. రెంటిని కలిపినచో మనస్సున ముడి పడును. అట్లే యితరుల చేతిపని కొనునపుడు దారమును మాత్రమే తూచకుడు.

వేపాకు నీడ నెండించి గుడ్డమూటలో గట్టి ఊలుపెట్టెలో వేసినచో పురుగు చేరదందురు. పై నెల విప్పిన ఊలుతో పసిపిల్లల మేజోళ్ళల్లు విధము వ్రాసెదము. అంతవరకు మా వారి రెండవ స్వెటరు ముగియునేమో చూడవలయును. ఈమారు ముందుగా ముక్క యల్లి కొలిచితిమి.