గర్భసంచి తీసేశారు సరే, జబ్బు పేరేమిటి?

ఎండోమెట్రియోసిస్ పరిశోధనల వార్తలకు ఈమధ్య కొదవ లేదు. 2023లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం ఈ జబ్బుకూ ఫ్యూసోబాక్టీరియం అనే సూక్ష్మజీవికీ లంకె ఉందని చెప్పింది. అదే ఏడాది మరో బృందం 60 వేల మందికి పైగా బాధితుల జన్యువులను జల్లెడపట్టి, ముప్పు పెంచే 42 చోట్లను గుర్తించింది. మంచిదే. కానీ వీటిని ఉత్సాహంగా వివరించే మన వ్యాసాల్లో, ఆస్పత్రుల అవగాహన సదస్సుల్లో ఒక లెక్క మాత్రం వినపడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8.

తొమ్మిది, ఎనిమిది, మూడు. తెలుగు నేల మీద ఈ జబ్బు గురించిన చర్చ ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద అతుక్కుంటుంది. నెలసరి రక్తం కొంత వెనక్కి మళ్లడమే కారణమని 1927లో శాంప్సన్ అనే వైద్యుడు ప్రతిపాదించాడు. అలా మళ్లడం చాలామంది స్త్రీలలో జరిగేదే. జబ్బు వచ్చేది సుమారు పది మందిలో ఒకరికి. మిగతా తొమ్మిది మందికి ఎందుకు రాదన్నది ఇంకా తేలలేదు. తేలిందల్లా ఒకటి: బయట పెరిగిన కణజాలాన్ని అలాగే వదిలి గర్భసంచి ఒక్కటీ తీసేస్తే నొప్పి తిరిగి రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పయ్యో ఏట, నలభయ్యో ఏట ముట్లుడిగి, ఎముకలు గుల్లబారే ప్రమాదం, గుండె జబ్బు ముప్పు మీద పడతాయి.

మరి ఇన్ని ఆపరేషన్లు ఎందుకు? సర్వేలో ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. అవి లక్షణాలు, జబ్బు పేర్లు కావు; వాటి వెనక ఎండోమెట్రియోసిస్ కూడా ఉండవచ్చు. ఊళ్లలో స్త్రీలకు వినపడే మాటలు వేరు: ‘గర్భసంచి వాచింది’, ‘పుండు పడింది’, ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’. స్కానింగ్ కాగితం, బిల్లు, డిశ్చార్జి షీటు చేతికొస్తాయి. తీసిన గర్భసంచిని పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఎందరి ఫైళ్లలో ఉంది?

ఫైబ్రాయిడ్లనే గర్భసంచి గడ్డలకు, గర్భసంచి గోడను పట్టే అడినోమయోసిస్‌కు కొందరిలో ఈ ఆపరేషన్ తప్పదని వైద్యులు అంటారు. నిజమే. అయితే రాష్ట్ర సరిహద్దు దాటగానే ఆ జబ్బులు మూడింతలవుతాయా? తొమ్మిదికీ మూడుకీ మధ్య తేడాకు ఆ వాదనలో జవాబు లేదు.

అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర పర్యవేక్షక కమిటీలు ఉండాలని, 40 ఏళ్లలోపు స్త్రీల ఆపరేషన్లపై ప్రత్యేకంగా నిఘా పెట్టాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఆపరేషన్ల సమస్యను బిల్లుల మోసాలు పట్టుకునే వ్యవహారంగా చూడటమే అసలు తప్పు; ఇది జబ్బును గుర్తించడంలోని సమస్య. బ్రిటన్‌లో ఎండోమెట్రియోసిస్ బయటపడటానికి సగటున 8 ఏళ్ల 10 నెలలు పడుతోందని 2024లో ఒక రోగుల సంస్థ లెక్కతేల్చింది. అక్కడ ఆలస్యంగానైనా పేరు తేలుతోంది. ఇక్కడ పేరు తేలకముందే అవయవం పోతోంది. ఎక్కువ నొప్పి భరించిన స్త్రీలే ఏ పరిశోధన లెక్కలోకీ రాకుండా పోతున్నారు.

ఖర్చు, పరికరాలు అంటూ సాకులు చెప్పే వీలు కూడా ఇప్పుడు లేదు. పొట్టలోకి కెమెరా పంపి చూసే ల్యాప్రోస్కోపీ చేసి నిర్ధారించేదాకా ఆగకుండా మందులు మొదలుపెట్టవచ్చని యూరప్ నిపుణుల 2022 మార్గదర్శకాలు చెప్పాయి. ఈ జబ్బుకు వాడే డైనోజెస్ట్ మాత్ర మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సింది స్పష్టం. 40 ఏళ్లలోపు ప్రతి ఆపరేషన్‌కూ ముందు ఏ మందు ఎన్ని నెలలు వాడారో, రెండో డాక్టరు చూశారో లేదో, తర్వాత బయాప్సీలో ఏం తేలిందో నమోదు చేయించాలి. పేర్లు తీసేసి, జిల్లాలవారీగా ఆ లెక్కలు బయటపెట్టాలి. బయాప్సీ రిపోర్టు జతచేయని ఆస్పత్రికి ఆ ఆపరేషన్ డబ్బు ప్రభుత్వ పథకం నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు.