గేట్లకు తేదీలున్నాయి, పలకలకో?

2010 జూలైలో బాబ్లీ చూస్తామని బయల్దేరిన చంద్రబాబు బృందాన్ని మహారాష్ట్ర పోలీసులు ధర్మాబాద్‌లో నిర్బంధించి, నాలుగు రోజుల తర్వాత విమానమెక్కించి హైదరాబాదు పంపేశారు. దేశమంతా తిరగొచ్చన్న 19వ అధికరణం అప్పుడెక్కడ తలదాచుకుందో! నీటి తగువు 2013లో సుప్రీంకోర్టు తేల్చింది: జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి. సరే, బాగుంది.

మరి మన సంగతి? 1956 నవంబరు 1న నాందేడ్‌ను హైదరాబాద్ రాష్ట్రం నుంచి తీసి బొంబాయిలో కలిపారు. అదే రోజు ఏడో సవరణతో 350-ఏ అమల్లోకొచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలట! పోలీసులను దించేటప్పుడు ‘ప్రయత్నం’ అనరు, దించేస్తారు.

నీళ్ళ కోసం అరెస్టయ్యే నాయకులున్నారు. తెలుగు వాచకం కోసం అర్జీ పెట్టేదెవరు? ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు తెలుగువాళ్ళం మనమే పెట్టాలి, 350-బీ కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు, ఊరి పేరూ పిల్లల లెక్కా రాసి.