బాలమురళి కృతులకు సొంత గడ్డపై చోటేదీ?

రాజోలు: మంగళంపల్లి బాలమురళీకృష్ణ అంటే 'భక్త ప్రహ్లాద' (1967)లో నారదుడని మన పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన గాత్రం ఎరుగనివారు లేరు. కాని ఆయన వాగ్గేయకారుడు కూడానని ఎందరికి తెలుసు?

1930 జూలై 6న ఈ సీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించారు. వర్ణాలు, తిల్లానాలు కూర్చారు. నాలుగు స్వరాలతో మహతి, లవంగి, మూడే స్వరాలతో సర్వశ్రీ, గణపతి వంటి రాగాలు కల్పించారు. ఇన్ని తక్కువ స్వరాలతో రాగమేమిటని వైణికుడు ఎస్. బాలచందర్ వంటివారు గట్టిగా ఆక్షేపించారు. ఎవరి మాట నిలుస్తుందో పాడి, వింటేనే గదా తేలేది!

మన ఉత్సవ పందిళ్ళలో శాస్త్రీయ సంగీతానికి దక్కేదే ఒక పూట. అందులో త్యాగరాజ కృతులు నాలుగు పాడి, ఆపై సినిమా పాటలకు దిగుతున్నారు. త్యాగరాజ కృతులు వద్దని ఎవరూ అనరు. అయితే అవీ ఒకనాడు కొత్తవే. శిష్యులు తరతరాలుగా పాడబట్టే నిలిచాయి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడైన బాలమురళి కూడా ఆ పరంపరలోని వారే.

2016 నవంబరు 22న ఆయన కన్నుమూశారు. జయంతికి దండ వేసి ఊరుకుంటే చాలదు. సంగీతం నేర్పే గురువులు పిల్లలకు ఏటా ఆయన కృతి ఒక్కటైనా చెప్పాలి. ఉత్సవ కమిటీలవారు ఏడాదికొక కచేరీ పూర్తిగా ఆయన రచనలకే కేటాయించాలి. దీనికి అదనపు ఖర్చేమీ లేదు, కావలసిందల్లా శ్రద్ధ. పాడేవారు లేని కృతి పుస్తకంలోనే మిగిలిపోతుంది.