ఎన్నిసార్లు పడేసి చూశారు?

లాప్‌టాప్ కొందామని ఏ దుకాణానికి వెళ్లినా ఇప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. ‘ఇది మిలిటరీ గ్రేడ్ సార్, కింద పడ్డా ఏమీ కాదు.’ అట్టపెట్టె మీద ‘మిల్-ఎస్‌టీడీ-810’ అని అచ్చేసి ఉంటుంది. కాలేజీకి వెళ్లే పిల్లల కోసం ఆ మాట నమ్మి నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే నష్టం ఆ ఇంటివరకే. అదే మాట నమ్మి ఒక ప్రభుత్వ శాఖ టాబ్లెట్లు టోకున కొని, ఎండావానల్లో తిరిగే ఉద్యోగుల చేతిలో పెడితే ఊళ్లకు ఊళ్ల పని ఆగిపోతుంది. అందుకే ఆ అంకె వెనక ఏముందో కొనేవాళ్లు తెలుసుకుని తీరాలంటాను.

810 అనేది అమెరికా సైన్యం కోసం 1962లో మొదలైన పరీక్షల పుస్తకం. ‘హెచ్’ అనే కూర్పు 2019లో వచ్చింది. వేడి, చలి, వాన, ఇసుక, ఉప్పుగాలి, కుదుపు, పల్చటి గాలి, ఇలా ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. వస్తువును ఎక్కడ వాడతారో చూసుకుని, దానికి తగిన పరీక్షలను తగిన తీవ్రతతో ఎంచుకోమని ఆ పుస్తకమే చెబుతుంది. అన్నీ నెగ్గితేనే ముద్ర వేస్తామనే సంస్థ ఏదీ లేదు. రెండు పరీక్షలు చేసిన కంపెనీ, ఇరవై చేసిన కంపెనీ అట్ట మీద వేసుకునేది ఒకటే అంకె.

పడేసే పరీక్షనే తీసుకోండి. ‘హెచ్’కు ముందున్న ‘జి’ కూర్పు లెక్క ప్రకారం నాలుగడుగుల ఎత్తు నుంచి, కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీదికి 26 సార్లు పడేస్తారు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. గట్టి పరీక్షే. అయితే ఆ 26 దెబ్బలను అయిదు యంత్రాలకు పంచుకోవచ్చని కూడా అందులోనే ఉంది. అంటే ఒక్కోటి తిన్నది అయిదారు దెబ్బలు. మన చేతిలోంచి జారే యంత్రం పడేది చెక్క మీద కాదు, సిమెంటు రోడ్డు మీద, చేలో రాళ్ల మీద. ‘పరీక్ష చేయించాం’ అని రోగి అంటే ఏ డాక్టరూ ఊరుకోడు, రిపోర్టు చూపించమంటాడు. కొనుగోలు కమిటీలు ఆ పాటి కూడా అడగకపోతే ఎలా?

సైన్యం కోసం నిజంగా తయారుచేసే యంత్రం కథ వేరు. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పాత తరహా హార్డ్ డిస్కులో తిరిగే పళ్లేనికి, దాన్ని చదివే సూదికి మధ్య సన్నటి గాలిపొర ఉంటుంది. సూది తేలేది ఆ పొర మీదే. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి సూది పళ్లేన్ని గీరే ప్రమాదం వస్తుంది. అందుకే మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ చాలావరకు 3,000 మీటర్ల దగ్గరే ఆగుతుంది. ఆ గాలిలో ఫ్యాను తిరిగినా వేడి సరిగా లాగదు. సియాచిన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 50కి దిగితే ఎల్‌సీడీ తెరలోని ద్రవస్ఫటికాలు బిగుసుకుపోయి బొమ్మ కదలదు. వీటన్నిటికీ జవాబులున్నాయి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ, తెర వెనక పల్చటి హీటర్ పొర, ఫ్యాను తీసేసి వేడిని ఒంటి లోహం గుండానే బయటికి పంపే పెట్టె. జైసల్మేర్ ఇసుకలో కూడా ఫ్యాను లేకపోవడమే మేలు, లోపలికి దుమ్ము పీల్చే దారి ఉండదు. ఇలాంటి యంత్రం బరువెక్కువ, ధర మామూలుదానికి రెండు మూడింతలు. ఆ ధర ఎందుకో దాని లోపల కనిపిస్తుంది.

బొగ్గుగనిలోకి వెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. సింగరేణి భూగర్భ గనుల్లో మీథేన్ వాయువు ఉండే చోట కంప్యూటర్ ఎంత గట్టిదన్నది తర్వాతి మాట. అందులోంచి ఒక్క నిప్పురవ్వ కూడా రాకూడదు. దానికి గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదం కావాలి. సియాచిన్‌లో పనిచేసిన యంత్రమైనా ఆ కాగితం లేకుండా గనిలోకి దిగడానికి వీల్లేదు. విశాఖ రేవులో వాడే మానిటర్‌కు శత్రువు ఉప్పుగాలి. దానికి అయిదు శాతం ఉప్పునీటి పొగలో 24 గంటలు ఉంచి, మరో 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ అదే చేసే పరీక్ష వేరే ఉంది. ఎక్కడ వాడతారన్నది చెప్పకుండా ‘గట్టిది’ అనడంలో అర్థమే లేదు.

పల్నాడులో, రెంటచింతల వైపు, ఎండాకాలంలో ఒక సర్వేయర్ పని చూశాను. ఉపగ్రహ సంకేతాలతో కొలతలు తీసే రోవర్ కర్రను గట్టు మీద నిలబెట్టి, తల మీది తువ్వాలు తీసి టాబ్లెట్ మీద గొడుగులా పట్టి, ఆ నీడలో సరిహద్దు గీత వెతుక్కుంటున్నాడు. మామూలు తెర వెలుతురు 300 నిట్ల లోపు. మిట్టమధ్యాహ్నపు ఎండలో చదవాలంటే 1,000 దాకా ఉండాలి. తెరకు, పైఅద్దానికి మధ్య ఖాళీ లేకుండా జిగురుతో నింపితే మెరుపు ఇంకా తగ్గుతుంది. ఆ టాబ్లెట్‌కు రెండూ లేవు. మూల మీద మాత్రం లావాటి రబ్బరు తొడుగు ఉంది! గీత ఒక అడుగు అటూఇటూ అయితే ఇద్దరు రైతుల మధ్య ఏళ్ల తరబడి కోర్టు గొడవ. ఆ తువ్వాలు కింద జరుగుతున్నది అంత బరువైన పని.

ఆ టాబ్లెట్ ఛార్జింగు రంధ్రానికి రబ్బరు మూత ఉండాల్సిన చోట తెగిన ముక్క వేలాడుతోంది. పెట్టె మీద ఐపీ67 అని ఉంది. మొదటి 6 అంటే దుమ్ము అసలు చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. ఆ రెండు అంకెలూ మూత సరిగ్గా బిగించి ఉన్నంతవరకే. మూత తెగినరోజే హామీ పోయింది.

గట్టి యంత్రాలు చేయడం, వాటిని పరీక్షించడం మనకు తెలియని విద్య కాదు. శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైన ఊరు హైదరాబాద్. క్షిపణుల ఎలక్ట్రానిక్స్ తయారుచేసే డీఆర్‌డీవో ప్రయోగశాలలు ఇక్కడే ఉన్నాయి. మన సైన్యానికి జేఎస్ఎస్ 55555 అనే సొంత పరీక్షా ప్రమాణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఎస్టీక్యూసీ పరీక్షాకేంద్రం కూడా ఈ నగరంలో ఉంది. సర్వే శాఖో, విద్యుత్ శాఖో టెండరు పిలిచినప్పుడు ‘మిలిటరీ గ్రేడ్’ అనే రెండు మాటలు కొట్టేసి, ఏ పరీక్ష, ఎంత తీవ్రత, ఎన్ని యంత్రాల మీద, ఎవరు చేశారు అన్న రిపోర్టు అడగాలి. వచ్చిన సరుకులోంచి తామే కొన్ని తీసి ల్యాబుకు పంపాలి. ఎండలో తెర చదవగలుగుతున్నారో లేదో ఆ పని చేసే సర్వేయర్ల చేతికే ఇచ్చి, మే నెలలో, పొలంలో చూడాలి. రబ్బరు మూతలు, బ్యాటరీలు ఎన్నేళ్లపాటు విడిగా ఇస్తారో, ఏ ధరకిస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. తెగిన మూత మండల కేంద్రంలోనే దొరకాలి, వానలు పడకముందే దొరకాలి.